నిజాం డబ్బుతో కొన్న యుద్ధ విమానం.. లండన్‌లో ఇప్పటికీ 'హైదరాబాద్' పేరుతోనే!

శ్రీనగర్ కాలనీకి దగ్గర్లోనే బేగంపేట ఎయిర్‌పోర్ట్ ఉంది. కానీ 'హైదరాబాద్' పేరున్న వందేళ్ల నాటి యుద్ధ విమానాన్ని చూడాలంటే లండన్ వెళ్లాల్సిందే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డబ్బుతో బ్రిటన్ 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు వచ్చాయి. వాటిలో ఒకటి ఎఫ్1010. 1918 అక్టోబర్‌లో జర్మన్లకు చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి నుంచి తరలిస్తే పోలండ్‌లో తేలింది, అదీ రెక్కలు లేకుండా! 1977లో బ్రిటన్ ఓ స్పిట్‌ఫైర్ ఇచ్చి మరీ దీన్ని వెనక్కి తెచ్చుకుంది. కొత్త రెక్కలు చేయించి ఆర్ఏఎఫ్ మ్యూజియంలో నిలబెట్టింది.

కానుకగా ఇచ్చింది కాబట్టి తిరిగి ఇమ్మని అడగలేం. కానీ డబ్బు వెళ్లింది ఇక్కడి నుంచే కదా. కనీసం ఈ కథ చెప్పే ఓ బోర్డు బేగంపేటలో పెట్టడానికి అడ్డేంటి?