పింజారి పట్టిన తంబురా

గుంటూరు జిల్లాయందలి పొన్నెకల్లు గ్రామమున 1920వ సంవత్సరమున నొక నిరుపేద దూదేకుల కుటుంబములో జన్మించిన షేక్ నాజరును తెలుగువారు బుర్రకథా పితామహుడని పిలుచుకొనిరి. ఆ బిరుదము తగినదేయైనను, బుర్రకథ ఆయనతోనే పుట్టినదను భ్రాంతికి చోటిచ్చుచున్నది. జంగములు తంబురా భుజమున నిడికొని, వాకిట వాకిట వీరగాథలు పాడి గుప్పెడు గింజల నర్థించు నాటికే ఆ కథ వయసు మీఱినది. లోకము భిక్షుకవృత్తిగా నెంచిన ఆ పాటను, తెల్లవాఱువఱకు కదలక కూర్చుండి వినదగిన కళగా నిలుపుట నాజరు సాధించిన ఘనకార్యము. పుట్టించుటకన్న నది కష్టతరమని నా యభిప్రాయము.

1943లో వామపక్ష కళాకారుల సంస్థయగు ప్రజానాట్యమండలి వెలసినది. వంగదేశమున జనులు తిండిలేక వీథులలో మడియుచున్న కాలమది. ఆ బెంగాలు కఱవును, పల్నాటి యుద్ధమును, అల్లూరి సీతారామరాజు తిరుగుబాటును నాజరు ఆ మండలి పక్షమున కథలుగా గట్టి ఊరూర వినిపించెను. ఆ మండలి యుద్యమమే ఆయనను గాయకునిగా జేసినదని వాదించువారు కలరు. ఉద్యమము ఆయనకు కథావస్తువును, వేలకొలది శ్రోతలను సమకూర్చినమాట నిజము. కాని, ఆ వస్తువునే చేపట్టిన దళములు నాడు పెక్కులుండగా, జనులు నాజరు పేరు చెప్పుకొని కోసులు నడచి వచ్చుటకు కారణమును ఆయన సాధనలోనే వెదకవలెను.

ఆ సాధన యెట్టిదో వేదికకు చేరువగా కూర్చున్నవారికి తెలియును. నడుమ కథకుడు, కాళ్లకు గజ్జెలు, భుజమున తంబురా, వ్రేళ్లకు అందెలు. ఇరుప్రక్కల డక్కీలు పట్టిన వంతలలో నొకడు హాస్యమునకు, మఱియొకడు రాజకీయమునకు. పల్నాటి కథలో బాలచంద్రుడు రణమునకు పయనమగు ఘట్టము వంటి చోట, అందెల మ్రోత త్వరపడి, అడుగు ముందునకు దూకి, పాట పతాకస్థాయి నందుకొనిన క్షణమున కథకుడు చటాలున నిలిచి వచనమందుకొనును. శ్రోత యూపిరి బిగబట్టును. వానిమనసులో మెదలుచున్న ప్రశ్ననే వంత పైకి అడిగివేయును. పాడుచు, ఆడుచు, నటించుచు ఊపిరిని రాత్రియంతయు పొదుపుకొనవలసిన విద్య యిది. కర్ణాటక సంగీతము నభ్యసించిన నాజరు, పామరునికి కొఱుకుడుపడని గమకముతో నతనిని బెదరింపక, రాగమును కథలోని దుఃఖమునకు తోడుగా నడిపించెను.

గరికపాటి రాజారావు నిర్మించిన ‘పుట్టిల్లు’ (1953), ఆ మఱుసటియేటి ‘అగ్గిరాముడు’ చిత్రములు నాజరు బుర్రకథను వెండితెర కెక్కించినవి. అందులకు మనము కృతజ్ఞులము కావలెను. అయినను, గంటల తరబడి సాగవలసిన కథ అచ్చట నిమిషములలో ముగిసినది. పిమ్మట ప్రభుత్వశాఖలు కుటుంబనియంత్రణాది ప్రచారములకు బుర్రకథను వాడుకొనినవి. ప్రచారము తప్పని నేననను. కఱవును గూర్చిన కథయు ప్రచారమే. కాని, అప్పగించిన నాలుగు మాటలను తందాన వంతకు అతికించి వల్లించువాడు కథకుడు కాజాలడు. గురువు ప్రక్కన యేండ్లకొలది వంతపాడి నేర్చు శిష్యరికమునకు జీతము నేర్పఱుపక, ఉత్సవవేదికలపై పది నిమిషములు కేటాయించినంత మాత్రమున ఈ కళ బ్రదుకదు.

నాజరునకు పద్మశ్రీ 1986లో వచ్చెను. అప్పటి కాయనకు అఱువది యాఱేండ్లు. 1997లో గతించెను. అంగడాల వెంకట రమణమూర్తి యక్షరబద్ధము చేసిన ఆయన యాత్మకథకు ‘పింజారి’యని పేరు. దూది యేకి యెదుటివాని పఱుపును మెత్తజేయు వృత్తికి చెందిన ఆ మాటను మనవారు తిట్టుగా మార్చుకొని, కోపము వచ్చినప్పుడెల్ల నాలుకపై నాడించుచుందురు. ఆ మాటయే ఆయన పుస్తకపు అట్టపై పేరై నిలిచినది.