క్లీనరు సీటే మన పిల్లలకు బడా?

దేశంలో 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉన్నదని కేంద్ర రహదారి రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2025లో చెప్పారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మన మొహల్లాలలో పదవ తరగతితో చదువు ఆపిన యువకులు పంక్చరు కొట్లలోనూ, వెల్డింగు షెడ్లలోనూ రోజుకూలికి కాలం గడుపుతున్నారు. పని ఉన్నది, పనివాడూ ఉన్నాడు. ఆ పనికి కావలసిన శిక్షణ మాత్రం అతనికి అందుబాటులో లేదు. ఇందుకు ప్రభుత్వ శాఖలను ఎంత తప్పుపట్టాలో మన సమాజ పెద్దలనూ అంతే తప్పుపట్టాలని నా వాదన.

లారీ ఉత్తరాంధ్రకు కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసేవరకు సాలూరు విజయనగరం జిల్లాదే. విజయవాడ తర్వాత లారీలకు పేరుపడిన ఊరు అది. బాడీ బిల్డింగు షెడ్లు, మెకానిక్కులు, టైర్ల కొట్లు, అన్నీ రాయపూర్ రహదారిని నమ్ముకొని పెరిగినవే. విశాఖ ఓడరేవు సరుకు ఆ దారినే సుంకి ఘాట్ ఎక్కి, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా ఛత్తీస్‌గఢ్ చేరుతుంది. ఇటువైపు ఇచ్ఛాపురం వరకు 16వ నంబరు జాతీయ రహదారి, టెక్కలి గ్రానైటు, పలాస జీడిపప్పు, పైడిభీమవరం మందుల పరిశ్రమలు. మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అది తెరిచిన నాడు ట్రెయిలర్లు నడపడానికి హెవీ లైసెన్సు చేతిలో ఉన్నవారినే పిలుస్తారు. వారు మన ఊరివారు కాకపోతే పంజాబు నుంచో, బీహారు నుంచో వస్తారు.

మన కుర్రవాడు డ్రైవరు ఎలా అవుతున్నాడు? పదిహేను, పదహారు ఏళ్ళకు క్లీనరుగా ఎక్కుతాడు. టైరు కింద రాయి పెడతాడు, తాడు బిగిస్తాడు, టార్పాలిన్ కప్పుతాడు, ఉస్తాదుకు టీ తెస్తాడు. ఉస్తాదుకు నిద్ర ముంచుకొచ్చిన రాత్రి ఖాళీ రోడ్డు మీద స్టీరింగు అతని చేతికి వస్తుంది. ఈ ఉస్తాద్-షాగిర్ద్ పద్ధతిని గొప్పగా చెప్పుకొనే పెద్దలున్నారు. అందులో మంచి డ్రైవర్లు తయారైన మాట నిజమే. కానీ ఘాట్ దిగేటప్పుడు గేరు ఎందుకు తగ్గించాలో, ఎయిర్ బ్రేకులో గాలి ఒత్తిడి పడిపోతే ఏమవుతుందో, బరువు ఒక పక్కకు జరిగితే బండి ఎందుకు తిరగబడుతుందో ఉస్తాదుకే ఎవరూ విడమరచి చెప్పలేదు. చూసి నేర్చుకున్నవాడు తప్పును కూడా చూసే నేర్చుకుంటాడు.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్ళు నిండాలి. కనీసం ఒక సంవత్సరం ముందే లైట్ మోటారు వాహనం లైసెన్సు ఉండాలి. లేకపోతే ఎల్ఎల్ఆర్ కూడా ఇవ్వరు. మన పిల్లలు 18 నిండగానే మోటారుసైకిలు లైసెన్సు ఒక్కటే తీసుకొని ఊరుకుంటారు. కారు లైసెన్సు కూడా అప్పుడే తీసుకుంటే 20వ ఏట హెవీకి అర్హులవుతారు. ఈ చిన్న సంగతి చెప్పేవారు లేక ఎందరికో ఏళ్ళు వృథా అవుతున్నాయి. రవాణా లైసెన్సుకు ఎనిమిదవ తరగతి నిబంధనను కేంద్రం 2019లో తొలగించింది. బాగానే ఉన్నది. చదువు అక్కరలేదన్నప్పుడు శిక్షణ రెండింతలు కావాలి కదా?

నిబంధనల పుస్తకంలో శిక్షణకు లోటు లేదు. రవాణా వాహనాలకు డ్రైవింగు స్కూలు 30 రోజులకు తక్కువ కాకుండా నేర్పాలి, కనీసం 15 గంటలు బండి నడిపించాలి, ఆ తర్వాతే ఫారం-5 ధ్రువపత్రం ఇవ్వాలి. ఆచరణ ఎలా ఉన్నదో తల్లిదండ్రులకు తెలుసు: డబ్బు కట్టిన చోట కాగితం వస్తుంది, లారీ కనిపించదు. 2021 జూలై 1 నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల విధానం వచ్చింది. అక్కడ భారీ వాహనాలకు ఆరు వారాలలో 38 గంటల కోర్సు. సిమ్యులేటరు, ట్రాక్ ఉండాలి. ఉత్తీర్ణులకు రవాణా కార్యాలయంలో మళ్ళీ డ్రైవింగు పరీక్ష అక్కరలేదు. తెలంగాణలోని సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో పెద్ద శిక్షణ సంస్థ ఉన్నది. సాలూరు కుర్రవాడు అంత దూరం వెళ్ళి నెలన్నర ఉంటే ఇంట్లో ఆ నెలన్నర కూలి ఎవరిస్తారు?

కార్యాలయాల సమాధానం నాకు కంఠస్థం. "మీ జిల్లాలో మీవాళ్ళు ఎంతమందండీ? బ్యాచ్ నిండదు కదా." నిజమే, 2011 జనగణనలో ఈ రెండు జిల్లాలలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. అయితే సర్కారు ఉద్యోగంలో ఏళ్ళ తరబడి ఫైళ్ళు నడిపినవాడిగా చెబుతున్నాను, బ్యాచ్ నిండదన్నది ఫైలు మూయడానికి వాడే మాట. ముస్లింలకు వేరుగా ట్రాక్ వేయమని ఎవరడిగారు? బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ సంస్థలు తలా ఐదారుగురిని పంపితే ఒక బ్యాచ్ అవుతుంది. సాలూరు ఆదివాసీ యువకుడికీ ఇదే శిక్షణ కావాలి. కర్నూలు, గుంటూరు ముస్లింలకు ఓట్ల బలం ఉన్నది, వారి మాట వింటారు. సంఖ్య లేని చోట కూడా హక్కు హక్కే. విజయనగరం ఆర్టీసీ జోన్ కేంద్రం. అక్కడ జోనల్ వర్క్‌షాపు ఉన్నది, బస్సులున్నాయి, అనుభవజ్ఞులైన డ్రైవర్లున్నారు. అక్కడ సీట్లు కేటాయించి, ఫీజు, భోజనం, భత్యం మైనారిటీ ఆర్థిక సంస్థ భరిస్తే సరిపోతుంది. వాహనం కొనడానికి అప్పిచ్చి, నడపడం నేర్పకపోతే ఆ అప్పు తీరేదెలా?

ఇక మనవాళ్ళు. "డ్రైవరుకు పిల్లనెవరిస్తారు?" అంటారు. వేదికలెక్కి మన పిల్లలు కలెక్టర్లు కావాలంటారు. కావాలి, ఎవరు వద్దన్నారు? మరి పదవ తరగతి తప్పినవాడి సంగతేమిటి? ఉర్సు దీపాలకు చందా పుడుతుంది, హెవీ లైసెన్సు ఫీజుకు పుట్టదు. జకాత్‌కు అర్హుడైన పేద యువకుడి చేతికే ఆ సొమ్ము ఇచ్చి ఫీజు కట్టుకోమనవచ్చునేమో, ఉలమాను అడిగి చూడండి.

మన డ్రైవరుకు మరొక భయం కూడా ఉన్నది. 2017లో రాజస్థాన్‌లోని అల్వార్‌లో పశువులను కొని తెస్తున్న పెహ్లూ ఖాన్‌ను దారికాచి కొట్టారు, ఆయన చనిపోయారు. కాగితాలు ఉన్నంత మాత్రాన గుంపు ఆగదు. అయినా పర్మిట్టు, ఈ-వే బిల్లు, లోడు పత్రాలు చదవగలిగి, 112కు ఎప్పుడు ఫోన్ చేయాలో తెలిసినవాడికి, తెలియనివాడికి తేడా ఉన్నది. పదేళ్ళ జైలు శిక్ష గల సెక్షన్‌పై 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేశాక దాని అమలు ఆగింది, రద్దు కాలేదు. ప్రమాదం జరిగిన క్షణంలో ఏమి చేయాలో కూడా పాఠంగా చెప్పవలసినదే.

ప్రతి మస్జిద్ కమిటీ ఈ నెలలో 18 నుంచి 25 ఏళ్ళ యువకుల జాబితా రాయాలి: పేరు, వయసు, ఏ లైసెన్సు, ఏ తేదీది. ఆ జాబితాతో కలెక్టరుకు, మైనారిటీ సంక్షేమ అధికారికి, ఆర్టీసీకి వేర్వేరుగా వినతిపత్రాలు ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి; 30 రోజులలో వారు రాతపూర్వకంగా జవాబు చెప్పవలసి ఉంటుంది.