అప్పచెరువు ఏ పాఠంల ఉన్నది?

మొన్న శంషాబాద్ దిక్కు ఒక సర్కారు బడికి పోయిన. వాతావరణ మార్పు అంటే ఏందని తొమ్మిదో తరగతి పిల్లలను అడిగిన. "ఓజోన్ పొరకు చిల్లు పడ్డది సార్", "మంచు కరుగుతున్నది సార్", "చెట్లు పెట్టాలె సార్" అని టకటక చెప్పిండ్రు. ఓజోన్ చిల్లు వేరే ముచ్చట. భూమి వేడెక్కుడుకు అసలు కారణం బొగ్గు, పెట్రోలు, డీజిల్ కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్. ఆ తప్పు పంతులు దిద్దుతడు. నా రంధి ఇంకొకటి.

"మరి గగన్‌పహాడ్ అప్పచెరువు ఎందుకు తెగింది?" అన్న. సప్పుడు లేదు. ఎనుక బెంచి బిడ్డ ఒకామె మెల్లగ అన్నది: "అది వానకు తెగింది సార్. వాతావరణ మార్పు కాదు."

బిడ్డ తప్పేం లేదు. పుస్తకంల మంచు ఎక్కడ్నో ధ్రువాల కాడ కరుగుతది. ఇక్కడ 2020 అక్టోబర్ 13 రాత్రి కట్ట తెగి, నీళ్లు బెంగళూరు హైవే మీద పడ్డయి. మనుషులు కొట్టుకపోయిండ్రు. ఆ ఒక్క వానను పూర్తిగ వాతావరణ మార్పు ఖాతాల రాయలేం, నిజమే. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటది. అందుకే కుండపోత వానలు పెరుగుతయి. వాన పైనుంచి పడ్డది సరే, చెరువు శిఖంల షెడ్లు ఎవలు ఏసిండ్రు? 2024 ఆగస్టు ఆఖర్ల హైడ్రా వచ్చి కూలగొట్టింది. కట్టేటప్పుడు ఆపినోళ్లు లేరు. చెరువు కింద, నాలా ఒడ్డుకు కిరాయికుండేది ఎవలో మీకు నేను చెప్పాల్నా?

ఇంకో ముచ్చట. 2008ల మొదలైన ఎయిర్‌పోర్టు దగ్గర దగ్గర 5,500 ఎకరాల మీద ఉన్నది. సోలార్ ప్లాంటు పెట్టుకున్నది, కార్బన్ న్యూట్రల్ గుర్తింపు తెచ్చుకున్నది. మంచిదే. కాకపోతే విమానాలు ఆకాశంల కాల్చే ఇంధనం ఆ న్యూట్రల్ లెక్కల రాదు. దొంగలెక్క అంటలేను, లెక్క రూలే అట్లున్నది.

"విమానం ఎక్కినోళ్లు చెయ్యెత్తుండ్రి" అన్న. ఒక్కరు ఎత్తలే. పొద్దుమాపు ఆ సప్పుడు కిందనే సదువుకునే పిల్లలు!

"ఎక్కనోళ్లం చెట్లు పెట్టాల్నా సార్?" అన్నడు ఒకడు. అందరు నవ్విండ్రు. నాకు నవ్వు రాలే. గంట సేపట్ల వాడడిగిందే అసలు సవాలు.

వచ్చే శనివారం పిల్లలను అప్పచెరువు కట్ట మీదికి తోల్కపోతనన్నడు పంతులు. నేను గూడ పోత.