కారుణ్య మరణమా, కాసులేని మరణమా?

2004వ సంవత్సరము డిసెంబరులో హైదరాబాదునందు వెంకటేశ్ అను చదరంగ క్రీడాకారుడు, కండరములు క్రమముగా క్షీణించు వ్యాధిచే మంచముపట్టి, తన అవయవములు చెడకమునుపే ఇతరులకు దానము చేయుటకై తనకు మరణమును ప్రసాదింపుడని వేడుకొనెను. కన్నతల్లి అతని పక్షమున ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించెను. న్యాయస్థానము నిరాకరించెను. డిసెంబరు 17న ఆ యువకుడు గతించెను. కన్నులు మాత్రము దానమయ్యెను.

ఆ తల్లి కోరినదానిని, ఆసుపత్రులలో నిత్యము జరుగుదానిని ఒకే పేరున పిలుచుటచేతనే మనవారి చర్చలు దారితప్పుచున్నవి. సూదివేసి ప్రాణము తీయుట సక్రియము. కోలుకొను ఆశలేని రోగికి శ్వాసయంత్రము తొలగించి ప్రకృతికి విడుచుట నిష్క్రియము. రోగి తానే కోరుట వేరు, తెలివిలేని స్థితిలో పరులు అతని తరపున నిశ్చయించుట వేరు. నెదర్లాండ్సు, బెల్జియము దేశములు 2002లో మొదటిదానిని నిబంధనలతో అంగీకరించినవి. మన సుప్రీంకోర్టు అరుణా షాన్‌బాగ్ వ్యాజ్యమున 2011లోను, మరల 2018 మార్చి 9నను రెండవదానిని మాత్రమే ఒప్పి, మొదటిది నేరమనియే నిలిపెను. గీత సరియైన చోటనే పడినదని మా అభిప్రాయము.

1928లో సబర్మతి ఆశ్రమమున కోలుకొనని దూడకు మహాత్ముడు సూదిమందు వేయించి బాధ తీర్చగా దేశమున పెద్ద గగ్గోలు పుట్టెను. కాని ఆ దూడకు పొలములో వాటా లేదు. మనుష్యుని మంచము చుట్టు నిలుచువారి సంగతి అట్టిది కాదు. భూవసతిగల మన పాఠకులకు ఇది విప్పి చెప్పనక్కరలేదు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పేదలకు ఈ ప్రశ్న మరియొక రూపమున ఎదురగుచున్నది. రోగిని పట్టణమునకు కొనిపోయి, ఎడ్లమ్మి, అప్పుచేసి, చేతిసొమ్ము నిండుకొనిన నాడు కాగితముపై వ్రేలిముద్రవేసి ఇంటికి తెచ్చుకొను కుటుంబములు గలవు. అచ్చట ఏ వైద్యమండలి పరిశీలనయు లేదు. యంత్రము ఆగుట రెండుచోట్లను ఒకటే. ఆపినది కరుణయా, అప్పా? రెండవదానిని కారుణ్య మరణమనుట దారిద్ర్యమునకు మేలిముసుగు వేయుటయే.

చట్టము చూపిన మార్గమైనను మన గడపదాక వచ్చినదా? 2023 జనవరి 24న సుప్రీంకోర్టు పద్ధతిని సులభముచేసి, ఇద్దరు సాక్షుల ఎదుట వ్రాసిన వీలునామాను నోటరీగాని గెజెటెడు అధికారిగాని ధ్రువీకరించిన చాలుననెను. ప్రతిని భద్రపరచుటకు పంచాయతీ, మునిసిపాలిటీలలో అధికారి యుండవలెను. చికిత్స విరమించుటకు రెండు వైద్యమండలులు సమ్మతింపవలెను. రెండవదానిలో జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన వైద్యుడు ఉండవలెను. గుంట భూమికి వీలునామా వ్రాయువారు తమ కడపటి శ్వాసను గూర్చి ఒక్క పంక్తియు వ్రాయరు. ఈ బద్ధకము పేదలది కాదు, చదువుకొన్న మనది.

ఇక నొప్పి సంగతి. భరింపరాని బాధలో చంపుడని మొరపెట్టువాని నోటిమాటను సమ్మతిగా గ్రహింపరాదు. ముందు నొప్పి తీర్చి, పిదప అడుగవలెను. మార్ఫిను రోగులకు సులభముగా అందుటకై 2014లోనే మాదకద్రవ్యముల చట్టమును సవరించిరి. మహదేవపూరు అడవిపల్లెలోని క్యాన్సరు రోగి ఆ మందునకై హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రిదాక పోవలసిన పని యుండరాదు. మూడు జిల్లాల వైద్యాధికారులు ఏయే ఆసుపత్రిలో ఆ మందు నిలువయున్నదో, వీలునామాల ప్రతులు ఎవరి చెంత ఉంచవలెనో గ్రామపంచాయతీ గోడలపై వ్రాయింతురుగాక.