‘ఇంట్లో చేసింది’ – ఎవరి ఇంట్లో, ఎవరి చేతులతో?

మే నెల వచ్చిందంటే రావులపాలెంలో బస్సెక్కే వాళ్ళ చేతుల్లో రెండు పొట్లాలు కనపడతాయి. ఒకటి పూతరేకులు, రెండోది మామిడి తాండ్ర. చుట్టాలింటికి వెళ్ళేవాళ్ళు, హైదరాబాదులో పిల్లలకి పంపించేవాళ్ళు, అమెరికాకి పెట్టెలు సర్దుకునేవాళ్ళు – అందరికీ అవే. కిందటి వేసవిలో నేనూ ఒక తాండ్ర పొట్లం కొన్నాను. దానిమీద రంగు అక్షరాలతో ‘అచ్చంగా ఇంట్లో చేసినది’ అని ఉంది. కింద కొట్టు పేరు, ఫోను నంబరు, బరువు, ధర. ఎవరింట్లో చేశారో మాత్రం లేదు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ‘ఇంట్లో చేసింది’ అన్న మాట కొట్లో సరుకు ధర పెంచుతోంది. అదే మాట, ఇంట్లో కూచుని చేసిన మనిషి కూలిని తగ్గిస్తోంది. ఇంట్లోనే కదా చేసింది, ఎండలో పొలానికి వెళ్ళిందా, ఫ్యాక్టరీలో గంట కొట్టినప్పుడు పరిగెత్తిందా అంటారు. ఒకే మాట గుమ్మానికి ఇవతల ఒకలాగా అవతల మరొకలాగా ఎలా పనిచేస్తోంది? హక్కుల గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న మనం దీన్ని ఎంతవరకు పట్టించుకున్నాం?

తాండ్ర తినని తెలుగువాళ్ళుండరు గాని, అది తయారవడం చూసినవాళ్ళు తక్కువ. ఒకప్పటి తూర్పు గోదావరి జిల్లాలో, ఇప్పటి కోనసీమ జిల్లాలో ఉన్న ఆత్రేయపురం దగ్గరి ఒక ఊళ్ళో రెండు రోజులున్నాను. (ఊరి పేరు రాయొద్దన్నారు. ఎందుకన్నారో చివర్లో చెప్తాను.) తెల్లవారుజామున నాలుగింటికే పని మొదలవుతుంది. ముగ్గిన పీచుకాయలు, కలెక్టరు కాయలు కడిగి, తొడిమలు తీసి, రసం పిండుతారు. టెంక, తొక్క, పీచు పోయేదాకా జల్లెడ పడతారు. పంచదారో బెల్లమో కలిపి, ఎండ రాగానే చాపల మీద పలచగా పరుస్తారు. ఆ పొర ఆరాక దానిమీద ఇంకో పొర. అదీ ఆరాక ఇంకోటి. అలా రోజుల తరబడి పొర మీద పొర వేస్తే వేలు మందాన తాండ్ర కడుతుంది. అప్పుడు చాప నుంచి లేపి, ముక్కలు కోసి, కాగితం చుడతారు.

వినడానికి ఎంత సులువుగా ఉందో! మామిడి సొన పడి వేళ్ళ సందులు పుండ్లవుతాయి. ఆ చేతులతోనే మర్నాడు మళ్ళీ పిండాలి. తీపి వాసనకి ఈగలు, కందిరీగలు ముసురుతాయి కాబట్టి చాపల దగ్గర ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, తాండ్రకి కావలసింది సరిగ్గా ఆ ఎండే. ఊరంతా తలుపులు వేసుకుని పడుకున్న మిట్టమధ్యాహ్నం ఈ ఆడవాళ్ళు కొంగు తలమీద వేసుకుని చాపల మధ్య తిరుగుతుంటారు.

ఇక మబ్బు పట్టిందా, గుండెలు జారిపోతాయి. నేనున్న రెండో రోజు సాయంత్రం ఈదురుగాలి లేచింది. పరదాలు కప్పడానికి ఇంట్లో ఉన్న ముసలమ్మ, బడి సెలవుల్లో ఉన్న పిల్ల, పక్కింటి వదిన అందరూ పరిగెత్తారు. రెండు చాపలు తడిసిపోయాయి. తడిసిన తాండ్ర బూజు పడుతుంది, ఎవరూ కొనరు. ఆ నష్టం ఎవరిది? పళ్ళూ పంచదారా వ్యాపారి ఇచ్చినవైతే, సరుకు చెడగొట్టినందుకు కూలిలో కోత. డ్వాక్రా అప్పుతో సొంతంగా పళ్ళు కొనుక్కున్నదైతే, వాయిదా మాత్రం ఆగదు. ఎలా చూసినా వాన పడేది ఆవిడ నెత్తిమీదే.

పూతరేకులు తీసేవాళ్ళది ఇంకో రకం కష్టం. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బి, పాలలా పలచన చేసిన పిండిలో గుడ్డ తడిపి కుండ మీద ఇలా వేసి అలా లాగితే, రేకు కాగితంలా లేచి వస్తుంది. చూసేవాళ్ళకి ఇంద్రజాలం. చేసే మనిషి ముఖం మాత్రం గంటల తరబడి ఆ మంటకి, పొగకి ఎదురుగానే ఉంటుంది. ‘కళ’ అని పత్రికలవాళ్ళు రాస్తారు, టీవీలవాళ్ళు ఫొటోలు తీస్తారు. కళ అన్నాక కూలి గురించి అడగడం బాగుండదు కాబోలు!

“మీరు ఏం పని చేస్తుంటారమ్మా?” అని తాండ్ర పిండుతున్నావిడనే అడిగాను.

“పనేముందండీ, ఇంట్లోనే ఉంటాను. కాళీగా ఉండటం ఎందుకని ఇది చేత్తన్నాను. ఆయ్.”

ఆ ‘కాళీ’ ఎంతసేపో ఇద్దరం కూచుని లెక్కవేశాం. తెల్లవారి నాలుగు నుంచి పదకొండు దాకా తాండ్ర. ఆ మధ్యలోనే వంట, నీళ్ళు, గేదె, మంచాన ఉన్న మామగారికి అన్నం. మళ్ళీ మూడింటినుంచి చీకటి పడేదాకా చాపలు. లెక్క చూసి ఆవిడే నవ్వింది – “అయితే నేను పడుకునే కాళీ ఉన్నాను కావాల.” 2024లో కేంద్ర ప్రభుత్వం చేయించిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. తాండ్ర కూలి ఆ 289 నిమిషాల మీద అదనం.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. జాతీయ ఆదాయం ఎలా లెక్కగట్టాలో ఐక్యరాజ్యసమితి 1993లో సవరించిన నిబంధనల్లో, పళ్ళు ఎండబెట్టి నిలవ చేయడాన్ని, అమ్మకానికి కాక ఇంటిల్లిపాదీ తినడానికే అయినా, ఉత్పత్తిగానే చూడమన్నారు. వంట వండటాన్ని, వడ్డించడాన్ని బయటే ఉంచారు. అంటే మా అమ్మ చేసిన పప్పుచారుకి లెక్క లేదు గాని, మేడమీద ఆరబెట్టిన తాండ్రకి ఉంది. అదైనా దక్కిందా? మన జాతీయ శాంపిల్ సర్వేలు ఆ కాస్తా ఒప్పుకోలేదు. సొంతానికి పంట పండించడం వరకే ఆర్థిక కార్యకలాపం, దాన్ని ఇంటి వాడకానికి తయారు చేయడం కాదు అన్నాయి. అలా కోట్లమంది స్త్రీలు ‘ఇంటిపనులు మాత్రమే చేసుకునేవారు’ అనే 92వ నంబరు గడిలోకి, కాస్త కట్టెలూ గడ్డీ తెచ్చుకుంటే 93వ నంబరు గడిలోకి వెళ్ళిపోయారు. సొంతానికి చేసుకునేదే లెక్కలోకి రాకపోతే, వ్యాపారి కోసం అదే పెరట్లో, అదే చేతులతో చేసేది పనిగా కనపడటం ఎలా? చేసే మనిషే “పనేముందండీ” అంటే ఆశ్చర్యపోతామా?

ఇది తాండ్రతో మొదలైన కథ కాదు. గోదావరికి ఆ పక్కనే నరసాపురం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడ ఇంటింటికీ పాకి విదేశాలకి ఎగుమతయ్యింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ లేసు స్త్రీల గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారు చేస్తున్న స్త్రీలని ‘గృహిణులు’ అనీ, వాళ్ళ పనిని ‘తీరిక వేళల కాలక్షేపం’ అనీ పిలవడం వల్లే అంత తక్కువ కూలికి పని చేయించుకోవడం కుదిరిందని ఆవిడ చూపించింది. ప్రపంచమంతా స్త్రీవాదులు చదివిన పుస్తకం మన పశ్చిమ గోదావరి అరుగుల మీద పుట్టింది. నలభై ఏళ్ళు దాటాక, గట్టు ఇవతల అదే మాట నా చెవులతో నేను విన్నాను.

ఈ మధ్యలో మారింది కొంత ఉంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి, 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాల్సిందే. ఎక్కడో చేసిన నకిలీ రేకుల మీద ఆత్రేయపురం పేరు వేసి అమ్మడానికి ఇక వీల్లేదు. కానీ గుర్తింపు ఎవరికి వచ్చిందో చూడండి. ఊరికి వచ్చింది, సరుకుకి వచ్చింది. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టంలో ‘ఉత్పత్తిదారు’ అంటే ఎవరు? చేతివృత్తుల సరుకు, పరిశ్రమల సరుకు విషయంలో దాన్ని తయారు చేసేవారితోపాటు దాని వ్యాపారం చేసేవారు కూడా ఉత్పత్తిదారులే అని రాసుకున్నారు. రేకు తీసిన మనిషీ, డబ్బాలో సర్ది అమ్మిన మనిషీ చట్టం కళ్ళకి ఒకటే. కాగితాలు, ఆఫీసులు, సంతకాలు ఎవరికి అలవాటో వాళ్ళ పేరే ముందు ఎక్కుతుంది. ‘అధీకృత వినియోగదారు’గా నమోదు చేసుకునే హక్కు రేకు తీసే ప్రతి స్త్రీకీ ఉందని నేను కలిసినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. నాకూ ఈ వ్యాసానికని చదివేదాకా తెలియదు, ఒప్పుకోవాలి.

“ఇంట్లో పని చేసేవాళ్ళకి చట్టాలు ఎలా వర్తిస్తాయండీ, ఎవరు చూడొచ్చారు?” అని ఒక వ్యాపారి నాతో వాదించాడు. బీడీ కార్మికుల సంగతి ఆయనకి తెలియదేమో. తెలంగాణ జిల్లాల్లో లక్షలాదిమంది స్త్రీలు బీడీలు చుట్టేది ఇంటి అరుగు మీదే. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం వాళ్ళని కార్మికులుగానే చూసింది. యజమానులు కోర్టుకెక్కితే, ఇళ్ళలో బీడీలు చుట్టేవాళ్ళకి కూడా ప్రావిడెంటు ఫండు వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆకు ఇచ్చి, బీడీ తీసుకుని, బాగోలేనివి తీసిపారేసే అధికారం యజమానికి ఉన్నప్పుడు, పని జరిగేది ఎవరి ఇంట్లో అన్నది అడ్డు రాలేదు. పళ్ళు ఇచ్చి, తాండ్ర తీసుకుని, రంగు బాగోలేదని కోత పెట్టే వ్యాపారికి అది ఎందుకు వర్తించకూడదు?

1948 కనీస వేతనాల చట్టంలోనే, సరుకు ఇంటికి తీసుకెళ్ళి పని చేసే మనిషి ‘ఉద్యోగి’ నిర్వచనంలోకి వచ్చేది. అహ్మదాబాదులోని ‘సేవ’ లాంటి సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడితే, 1996లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి ఆధారిత పని మీద 177వ ఒడంబడిక చేసింది. మన దేశం ఈరోజుకీ దాన్ని ఆమోదించలేదు. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ‘ఇంటి ఆధారిత కార్మికులు’ అన్న మాటకి నిర్వచనం ఉంది. అయితే వాళ్ళకంటూ పథకం, నిధి, కార్డు వచ్చినప్పుడు గదా ఆ నిర్వచనానికి ప్రాణం.

ఆ వ్యాపారి ఇంకో మాట కూడా అన్నాడు. “కూలి పెంచమని గొడవ చేస్తే ఫ్యాక్టరీ గుజ్జు తెప్పించుకుంటాం, అప్పుడు వీళ్ళకి ఆ పనీ ఉండదు.” ఇది ఉత్త బెదిరింపని కొట్టిపారేయలేను. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. కానీ ఆయన పొట్లం మీద ‘ఇంట్లో చేసినది’ అని వేసుకున్నదెందుకు? ఫ్యాక్టరీ సరుకుకి ఆ ధర రాదనే కదా! ఆ మాటకి కొనేవాళ్ళు ఎక్కువ ఇస్తున్నప్పుడు, ఆ ఎక్కువలో చేసిన మనిషికి వాటా అడగడం అన్యాయం ఎలా అవుతుంది?

మన సంఘాల సంగతి కూడా కాస్త మాట్లాడుకోవాలి. రాజమండ్రిలో సభ పెట్టినా, కాకినాడలో శిక్షణ పెట్టినా, వచ్చిన అతిథులకి మనం ఇచ్చేది పూతరేకుల డబ్బానే. స్త్రీల స్వయం ఉపాధికి ఇది ఉదాహరణ అని వేదిక మీద చెప్తాం. స్వయం ఉపాధి ఏది, వ్యాపారి చేతికింద పనిచేయడం ఏది అని మన రిపోర్టుల్లో విడదీసి రాశామా? గ్రూపులు ఎన్ని, అప్పులు ఎంత, వసూలు ఎంత శాతం – ఇవన్నీ మన దగ్గరున్నాయి. ఏ ఊళ్ళో ఎంతమంది రేకు తీస్తున్నారు, వందకి ఎంతిస్తున్నారు, కొట్లో డబ్బా ఎంతకి అమ్ముతున్నారు, తడిసిన చాప నష్టం ఎవరు కట్టారు – ఈ లెక్క మన దగ్గర లేదు. లేబరు ఆఫీసుకి వెళ్ళినా, బీడీ కార్మికులతో పోల్చి వాదించినా, ముందు కావలసింది ఆ లెక్కే. అది రాయడానికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. ఇచ్చిన పళ్ళు, తీసుకున్న తాండ్ర, చెల్లించిన డబ్బు తేదీలవారీగా రాసుకునే పుస్తకం ఒకటి ఇంటింటికీ ఉంటే, ‘మా దగ్గర వీళ్ళు పని చెయ్యలేదు’ అనే దారి మూసుకుపోతుంది. బీడీ కార్మికుల పాస్‌బుక్కు చేసిన పని అదే కదా.

బయలుదేరేముందు ఆవిడకి ఈ పుస్తకం సంగతి చెప్పాను. ఈ–శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చని, అందులో గృహిణి అని కాకుండా చేసే పని పేరు చెప్పమని అన్నాను. చేతులు కడుక్కుంటూ అంతా విన్నది. సొన పుండ్లకి కొబ్బరినూనె రాసుకుంటూ అడిగింది:

“రాయిత్తానండీ. మరి ఆ షావుకారుకి తెలిత్తే, వచ్చే వేసవికి మాకు కాయలిత్తాడంటారా?”

ఊరి పేరు రాయొద్దన్నది అందుకే. ఆవిడ ఒక్కతే రాయించుకుంటే ఇవ్వడేమోనన్నాను. “ఈదిలో తొమ్మిదిళ్ళున్నాయండి” అంది. మళ్ళీ ఈ నెలాఖరున రమ్మంది, సాయంత్రం మూడింటిలోపు, చాపల పని మొదలవకముందు.