వాగును చెడగొట్టినోడే వాగును బాగుచెయ్యాలి

పక్కోడి గొడ్డు మన చేలో పడి మేస్తే ఏం చేస్తాం? తోలుకుపోయి బందెలదొడ్డిలో కట్టేస్తాం. ఆసామి వచ్చి జుల్మానా కడితే గానీ విడిచిపెట్టం. ఊళ్లో ముసలీముతకా అందరికీ తెలిసిన న్యాయం ఇది. 1871లో తెల్లోళ్లు దీనికి చట్టం కూడా చేశారు. గొడ్డుకేం తెలుసు, అది కావాలని మేసిందా అని ఆసామి వాదిస్తే ఎవరూ వినరు. గొడ్డు నీది, నష్టం మాది, కట్టు అంటారు.

మరి ఒక ఫ్యాక్టరీ మన వాగును మేస్తే? చెరువును మేస్తే? భూమి లోపలి నీళ్లను కూడా మేస్తే? దాన్ని కట్టేసే బందెలదొడ్డి ఎక్కడుంది? చట్టం లేదని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. ఉంది. ఉన్న చట్టం మాలమాదిగ వాడల దాకా ఎందుకు రావడం లేదో, రావాలంటే మనం ఏం చెయ్యాలో ఈ సంచికలో చెప్పదలిచాం.

ముందు పటాన్‌చెరు సంగతి చూడండి. అప్పటి మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, 1970ల నుంచీ పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు లేచాయి. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వచ్చాయి. వాటి మురుగు నక్కవాగులో పడింది. నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. కాజిపల్లి చెరువు, బొల్లారం అసానికుంట విషపు మడుగులయ్యాయి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. జిల్లా జడ్జితో విచారణ చేయించి, పంటలు పోయిన రైతులకు కంపెనీలు పరిహారం కట్టాలని కోర్టు చెప్పింది. 2001లో కేసు హైకోర్టుకు దిగింది. అక్కడినుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయింది. 2017లో ముగిసింది. ఇరవై ఏడేళ్లు! కేసు వేసిననాడు పుట్టిన బిడ్డ పెరిగి, పెళ్లాడి, బిడ్డల్ని కన్నంత కాలం.

ఈ మధ్యలో కంపెనీలన్నీ కలిసి మురుగును శుద్ధిచేసే ప్లాంటు పెట్టుకున్నాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ ప్లాంటు ‘శుద్ధి చేసి’ వదిలిన నీళ్లను పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఇలాంటి నీళ్లలో బతికే సూక్ష్మక్రిములు ఆ మందుకు లొంగకుండా ముదురుతాయి. రేపు మన బిడ్డకు జ్వరమొచ్చి అదే మందు వేస్తే పనిచెయ్యకపోవచ్చు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అత్యంత కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల జాబితా తీసింది. అందులో పటాన్‌చెరు-బొల్లారం ఉంది, విశాఖపట్నం ఉంది. అంటే దేశానికంతా తెలుసు. తెలిసి ఏమైంది?

పరిహారం ఇచ్చాం కదా అంటారు. ఈ పరిహారమనే మాట దగ్గరే మనం ఆగి ఆలోచించాలి. పంట నష్టానికి పరిహారం ఎకరాల లెక్కన ఇస్తారు. ఎకరం ఎవడికుంది? పట్టా ఉన్నోడికుంది. ఆ చేలో నాట్లేసి, కలుపుతీసి, కోతకోసిన మాదిగ ఆడకూలీకి ఏ పుస్తకంలో పేరుంది? కౌలుకు చేసినోడికి కాగితం ఉండదు. చెరువు శిఖంలో కూరగాయలు పండించుకునేవాడిని ఆక్రమణదారు అంటారు. వాగులో చేపలు పట్టేవాడు, గుడ్డలుతికే చాకలి, వాగొడ్డున గొర్రెలు కాసేవాడు, వీళ్లకు సర్వే నంబరుందా? భూమిని పంచకుండా ఉంచిన కులవ్యవస్థే పరిహారాన్ని కూడా పంచుతుంది. నీళ్లు పాడైతే అందరికంటే ముందు చచ్చేది మనం. డబ్బు పంచేటప్పుడు అందరికంటే వెనక నిలబడేది మనం.

పల్లె ఎప్పుడూ ఊరికి పల్లంలోనే ఉంటుంది. ఊరి మురుగు అటే పోవాలని పెద్దలు అలా పెట్టారు. ఫ్యాక్టరీ మురుగుకు వేరే దారి చూపించే పని లేకపోయింది, పాతదారి ఉండనే ఉంది. ఊళ్లో బోరు చెడితే ఉన్నోడు క్యాను నీళ్లు కొనుక్కుంటాడు. మన ఆడవాళ్లు బిందె పట్టుకుని మైలు నడుస్తారు.

అందుకే మేం అంటున్నాం: పరిహారం కావాల్సిందే, అది అన్నం మెతుకు. కానీ మన పెద్ద డిమాండ్ పునరుద్ధరణ. అంటే వాగును వాగులా, చెరువును చెరువులా, బోరును బోరులా తిరిగి ఇవ్వడం. పరిహారం పట్టా ఉన్నోడి జేబులోకి పోతుంది. బాగుపడ్డ వాగు పట్టా అడగదు.

ఇది మనం గొంతెమ్మ కోరిక కోరడం కాదు. సుప్రీంకోర్టు చెప్పిందే. భోపాల్ ఘోరం జరిగాక, ఢిల్లీ శ్రీరాం ఫ్యాక్టరీ గ్యాసు కేసులో 1986లోనే కోర్టు తేల్చింది: ప్రమాదకరమైన పని చేసుకుని లాభం తినేవాడు, దానివల్ల కలిగిన నష్టానికి పూర్తిగా బాధ్యుడు, జాగ్రత్తగానే ఉన్నామన్న సాకు చెల్లదు. మన బందెలదొడ్డి న్యాయమే ఇది.

రాజస్థాన్‌లో ఉదయపూర్ జిల్లా బిచ్ఛ్రీ గ్రామం పేరు మన కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. అక్కడ హెచ్ యాసిడ్ అనే రసాయనం సుమారు 375 టన్నులు తయారుచేశారు. దాన్నుంచి దాదాపు 2,400 టన్నుల విషపు మడ్డి మిగిలింది. దాన్ని అక్కడే పారబోశారు. అది నేలలోకి ఇంకి బావుల నీళ్ల రంగు మారిపోయింది. మనుషులు తాగలేరు, గొడ్లు తాగలేవు, చేనుకు పెడితే చేను చచ్చింది. తయారీ 1989కే ఆపేశాం, ఇంకేముంది అన్నారు యజమానులు. తయారీ ఆగింది గానీ విషం ఆగలేదు. 1996 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు రాసింది మన తెలుగు జడ్జి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. పాడుచేసినవాడే మూల్యం చెల్లించాలి, నేలనూ నీళ్లనూ బాగుచేసే ఖర్చు వాడే భరించాలి, ఆ డబ్బును 1986 పర్యావరణ చట్టం కింద కేంద్రం వసూలు చెయ్యొచ్చు అన్నారు. ఖర్చు లెక్క కట్టారు: 37 కోట్ల 38 లక్షల 50 వేల రూపాయలు. కంపెనీ కట్టలేదు. దరఖాస్తు మీద దరఖాస్తు వేసి పదిహేనేళ్లు లాగింది. 2011 జూలైలో కోర్టు విసిగిపోయి, 1997 నవంబర్ నుంచి ఏడాదికి నూటికి 12 రూపాయల చక్రవడ్డీతో కట్టమంది. పైన 10 లక్షల ఖర్చులు వేసింది. వాయిదాలతో బతికే పెద్దమనుషులకు ఈ చక్రవడ్డీ మాట గుచ్చి చెప్పండి. మన తాతలు షావుకారికి కట్టిన వడ్డీయే ఇది, ఈసారి షావుకారే కట్టాలి.

1996 ఆగస్టులో తమిళనాడు తోళ్ల ఫ్యాక్టరీల కేసులో కోర్టు ఇంకోమాట చెప్పింది. లెక్క రెండు పద్దులుగా వెయ్యాలి. ఒకటి మనుషులకు జరిగిన నష్టం, రెండోది ప్రకృతిని బాగుచేసే ఖర్చు. ఒకటి కట్టి రెండోది ఎగ్గొట్టడానికి లేదు. అదే ఏడాది డిసెంబర్‌లో బియాస్ నది కేసులో మరోమాట: నదులు, గాలి, అడవులు ప్రజల సొత్తు, సర్కారు వాటికి కావలిదారు మాత్రమే. కావలివాడు దొంగతో పొత్తు కలిస్తే వాడినీ నిలదీసే హక్కు మనకుందన్నమాట.

2010 గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ బాధితులకు పరిహారం, ఆస్తిని తిరిగి బాగుచెయ్యడం, పర్యావరణాన్ని తిరిగి బాగుచెయ్యడం, మూడింటినీ విడివిడిగా రాసింది. 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు మరో తీర్పులో, పునరుద్ధరణ ఖర్చును కాలుష్య నియంత్రణ మండళ్లే విధించవచ్చని, ముందుజాగ్రత్తగా బ్యాంకు గ్యారంటీ కూడా అడగవచ్చని చెప్పింది. మాకు అధికారం లేదు అని ఇన్నాళ్లూ పొల్యూషన్ బోర్డు ఆఫీసర్లు చేతులు దులుపుకునేవారు. ఇక ఆ మాట చెల్లదు. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నియమాలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి అనుమానం ఉన్న స్థలాల జాబితా పంపాలి, రాష్ట్ర బోర్డు పరీక్షించి తేల్చాలి, బాధ్యుడిని పట్టుకుని శుద్ధి ఖర్చు కట్టించాలి.

ఇదంతా చెప్పి రెండోవైపు చెప్పకపోతే మోసం చేసినట్టే. 2023లో జనవిశ్వాస్ చట్టం పేరుతో పర్యావరణ చట్టం ఉల్లంఘనకు ఉన్న జైలుశిక్షను తీసేసి జరిమానా పెట్టారు. జరిమానాను కంపెనీవాడు కరెంటు బిల్లు లాగా ఖర్చుల్లో రాసుకుంటాడు. జైలు పోయాక మన చేతిలో మిగిలిన గట్టి ఆయుధం పునరుద్ధరణ బాధ్యతే.

నీళ్ల పోరాటం మనకు కొత్త కాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ చెరువులో నీళ్లు ముట్టుకుని చరిత్ర మార్చాడు. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది కూడా నీళ్ల దగ్గరే. మాదిగలు తాగే నీళ్లలోకి గేదెల మురికి వదిలితే ఇదేం పని అని అడిగారు. అడిగినందుకు 17న ఆరుగురిని నరికి చంపారు. ఆ నెత్తురు ఊరికే పోలేదు. 1989 అట్రాసిటీ చట్టంలో, దళితులు, ఆదివాసీలు వాడుకునే నీటివనరును పనికిరాకుండా మురికి చెయ్యడం నేరమని 3వ సెక్షన్‌లో రాయించింది. గేదె కడిగితే నేరమైనప్పుడు ట్యాంకరు కుమ్మరిస్తే నేరం కాదా? కంపెనీకి కులం లేదు అంటారు. ట్యాంకరు పంపినోడికీ, చూసీచూడనట్టు సంతకం పెట్టినోడికీ లేదా?

ఫ్యాక్టరీ మూస్తే మీ పిల్లల కూలీ పోతుంది అని బెదిరిస్తారు. నిజమే, లోపల ట్యాంకులు కడిగేది, మడ్డి ఎత్తేది మనవాళ్లే, అదీ కాంట్రాక్టు కూలీకి. 2015 జనవరిలో తమిళనాడు రాణిపేటలో మురుగు మడ్డి ట్యాంకు గోడ కూలి పదిమంది కూలీలు నిద్రలోనే చచ్చిపోయారు. కూలీని చంపే విషమూ, వాగును చంపే విషమూ ఒకటే. పల్లెలో ఉన్న తల్లినీ ఫ్యాక్టరీలో ఉన్న కొడుకునీ విడదీసే ఆటలో మనం పడకూడదు. బాగుచేసే పనిలో కూలీ మన ఊరివాళ్లకే, రక్షణ సరంజామాతో, పూర్తి జీతంతో ఇవ్వాలని అడగాలి.

ఇక చెయ్యాల్సిన పని. చచ్చిన చేపలు, గొడ్లు, ఎండిన మడి, మారిన నీళ్ల రంగు తారీఖు వేసి నోట్‌బుక్‌లో రాయండి, ఫోటో తియ్యండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. కలుషిత స్థలాల జాబితాలో మా చెరువును చేర్చండి అని కలెక్టరుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కంపెనీకి బోర్డు ఇచ్చిన అనుమతి పత్రం, నీటి పరీక్షల కాగితాలు సమాచార హక్కు కింద అడగండి. ట్రిబ్యునల్‌లో పరిహారం, పునరుద్ధరణ కోరడానికి గడువు అయిదేళ్లు, నాన్చొద్దు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అక్కడ ఫీజు లేదు. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. జిల్లా న్యాయసేవా సంస్థలో అడగండి.

అర్జీలో ఇవి తప్పకుండా రాయండి: నష్టం లెక్కలో కూలీలు, కౌలుదార్లు, వృత్తులవారి పేర్లు ఎక్కాలి. నీళ్లు బాగుపడేదాకా తాగునీళ్లు కంపెనీ ఖర్చుతో రావాలి. వసూలైన డబ్బు ఖాతాల్లో మూలగకుండా పాడైన వాగు మీదే ఖర్చు కావాలి. మన చెరువులో ఎత్తిన విషపు మట్టిని తీసుకుపోయి ఇంకో మాలపల్లె పక్కన పొయ్యకూడదు. పని అయిందని చెప్పాల్సింది ఆఫీసరు సంతకం కాదు, అందరి ముందు చేసిన నీటి పరీక్ష.

తీర్పులు మన పక్షాన ఉన్నాయి. కానీ బిచ్ఛ్రీలో పదిహేనేళ్లు, పటాన్‌చెరులో ఇరవై ఏడేళ్లు చెప్పేదేమిటంటే, వెనక జనం లేని తీర్పు కాగితమే. ఆ జనం మనమే కావాలి. ఈ పక్షంలో ఏ ఊరి సంఘం ఏ వాగు లెక్క రాసిందో మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో అచ్చువేస్తాం.