గిరాకీ ఆర్భాటం, కొనుగోలుదారు అవస్థ

2025 సెప్టెంబరు 19 ఉదయం ముంబయి బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లోని యాపిల్ విక్రయశాల ఎదుట ఐఫోన్ 17 కోసం బారులు తీరిన జనం మధ్య తోపులాట జరిగింది. భద్రతా సిబ్బంది రంగంలోకి దిగవలసి వచ్చింది. అక్కడ నిలబడినవారు రేషన్ బియ్యానికో, కిరోసిన్‌కో వచ్చినవారు కారు. రూ.82,900 ప్రారంభ ధర గల ఫోనును తొలిరోజే చేజిక్కించుకోవాలని రాత్రి నుంచి జాగారం చేసినవారూ వారిలో ఉన్నారు. సెప్టెంబరు 12 నుంచే ఇంట కూర్చుని బుక్ చేసుకునే వెసులుబాటు ఉన్నా ఈ రభస తప్పలేదు. ఇది డబ్బున్నవారి ముచ్చట అని కొట్టిపారేయవచ్చు. కానీ జన సందోహాన్ని అదుపు చేసే ఏర్పాట్లు కొరవడితే ఏమవుతుందో హైదరాబాదు వాసులకు ఒకరు చెప్పనక్కర లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ వద్ద, కొత్త సినిమా ప్రదర్శన వేళ జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు.

కొరత ఈ దేశానికి కొత్త కాదు. స్కూటరు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. టెలిఫోను కనెక్షనుకూ, వంటగ్యాసుకూ పార్లమెంటు సభ్యుల కోటాలు ఉండేవి. సిఫార్సు ఉత్తరం చేతబట్టుకుని నాయకుల గుమ్మాల ముందు పడిగాపులు పడడం మధ్యతరగతి జీవితంలో భాగంగా ఉండేది. లైసెన్సుల వ్యవస్థ సృష్టించిన కొరత అది. 1991 తరువాత ఆ వ్యవస్థ పోయింది, క్యూ మాత్రం పోలేదు. దాని యజమాని మారాడు. కొత్త వస్తువుకు తొలి వారాల్లో ఉండే గిరాకీని బట్టి ఏ సంస్థా కర్మాగారాలు కట్టదు, కట్టాలనడం న్యాయమూ కాదు. అయితే క్యూ ఎంత పొడుగైతే అంత ఉచిత ప్రచారం లభిస్తుందన్న లెక్క కూడా వ్యాపారులకు తెలుసు. నిజమైన కొరత ఎక్కడ ముగిసి, ప్రచార కాంక్ష ఎక్కడ మొదలవుతుందో కొనుగోలుదారుకు తెలిసే మార్గం లేదు.

ఖరీదైన ఫోనుకన్నా చవక ఫోను విషయంలోనే ఈ లోపం ఎక్కువ బాధిస్తుంది. 2017 జూలై 21న రిలయన్స్ వార్షిక సమావేశంలో ముఖేష్ అంబానీ జియోఫోన్‌ను ప్రకటించారు. ఫోను ఉచితమేననీ, రూ.1,500 డిపాజిట్‌ను మూడేళ్ల తరువాత తిరిగి ఇస్తామనీ చెప్పారు. ఆగస్టు 24 సాయంత్రం బుకింగ్ తెరవగానే తాకిడికి వెబ్‌సైటు కుప్పకూలింది. రెండు రోజుల్లోనే బుకింగ్‌ను నిలిపివేయవలసి వచ్చింది. అప్పటికి రూ.500 చొప్పున చెల్లించినవారి సంఖ్య సుమారు 60 లక్షలని వార్తలు వెలువడ్డాయి. అంటే దాదాపు రూ.300 కోట్లు! ఫోన్ల పంపిణీ మొదలయ్యే సమయానికి, ఏటా కనీసం రూ.1,500 రీచార్జి చేయించుకోవాలన్న షరతు వెలుగులోకి వచ్చింది. ఫోన్లు అందాయి, కోట్లమంది వాటిని వాడారు. ఆ సంస్థ మాట తప్పిందని అనలేము. కానీ ఐదు వందలు కట్టేనాడు కూలినాలి చేసుకునే మనిషికి ఆ షరతు తెలిసి ఉండవలసింది. డబ్బు ముందు, నిబంధన తరువాత అన్న పద్ధతి ఏ బజారులోనూ చెల్లదు.

అంతకు ఏడాది ముందు జరిగిన తతంగం మరీ విడ్డూరం. 2016 ఫిబ్రవరిలో నోయిడాకు చెందిన రింగింగ్ బెల్స్ అనే సంస్థ రూ.251కే స్మార్ట్‌ఫోన్ ఇస్తామని ఢిల్లీలో ఆర్భాటంగా ప్రకటించింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న చందంగా, కర్మాగారం ఊసు లేకుండానే బుకింగులు మొదలయ్యాయి. తొలిరోజే వెబ్‌సైటు స్తంభించింది. ఆ ధరకు ఫోను తయారీ అసాధ్యమని మొబైల్ పరిశ్రమ సంఘం కేంద్రాన్ని హెచ్చరించింది. వివాదం ముదిరాక ఆన్‌లైన్‌లో చెల్లించినవారికి డబ్బు తిప్పి పంపుతామన్నారు. ఒక పంపిణీదారు ఫిర్యాదుపై సంస్థ అధినేతను 2017 ఫిబ్రవరిలో ఘజియాబాద్ పోలీసులు అరెస్టు చేశారు.

పద్ధతి ప్రకారం నడిపిన దాఖలా కూడా మన దేశంలోనే ఉంది. 2009లో టాటా నానో కారుకు 2.03 లక్షల బుకింగులు వచ్చాయి. సింగూరు నుంచి కర్మాగారం తరలిపోవడంతో వెంటనే అన్ని కార్లు చేయగల స్థితి లేదు. సంస్థ ఆ సంగతిని దాచలేదు. తొలి విడతలో లక్షమందికే కార్లు ఇస్తామని ముందే ప్రకటించి, కంప్యూటరు లాటరీ ద్వారా వారిని ఎంపిక చేసింది. వారికి ప్రారంభ ధరనే ఖాయం చేసింది. లాటరీలో పేరు రానివారికి డబ్బు వాపసు తీసుకోవడమో, బుకింగ్ కొనసాగించి డిపాజిట్‌పై వడ్డీ పొందడమో అన్న ఎంపిక మిగిల్చింది. ఆ కారు చివరికి బజారులో నిలదొక్కుకోలేదన్నది వేరే కథ. ఫ్లిప్‌కార్ట్ 2014 అక్టోబరు 6న జరిపిన భారీ అమ్మకంలో సైటు మొరాయించి సరుకు అందక జనం మండిపడినప్పుడు, వ్యవస్థాపకులిద్దరూ మరునాడే బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అది వారి మర్యాద. చట్టం విధించిన బాధ్యత కాదు.

చట్టం చేతులు ముడుచుకుని ఉందనలేము. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ 2023 నవంబరులో 13 రకాల మోసపూరిత ఆన్‌లైన్ పోకడలను నిషేధించింది. లేని కొరతను ఉన్నట్టు చూపి తొందరపెట్టడం వాటిలో మొదటిది. మెరుపు అమ్మకాలపై ఆంక్షలకు 2021 జూన్‌లో కేంద్రం ముసాయిదా వెలువరించినా, దాని దృష్టంతా ఎంపిక చేసిన అమ్మకందార్లకు మేలు జరిగే తీరుమీదే ఉంది. నిజంగానే సరుకు తక్కువగా ఉండి, ఆ సంగతి చెప్పకుండా లక్షలమంది నుంచి డబ్బు వసూలు చేస్తే ఏమిటన్న ప్రశ్న మిగిలిపోయింది. తొలి విడతలో ఎన్ని వస్తువులు ఇవ్వగలరో, ఏ వరుసలో ఇస్తారో, సకాలంలో ఇవ్వలేకపోతే సొమ్ము ఎన్ని రోజుల్లో వాపసు వస్తుందో బుకింగ్ తెరిచే ముందే ప్రకటించాలని ప్రాధికార సంస్థ ఆదేశించాలి. మార్గదర్శకాలు జారీ చేసే అధికారం దానికి ఇప్పటికే ఉంది; పార్లమెంటు గడప తొక్కనక్కర లేదు. దుకాణాల ముందు గుమిగూడే జనానికి టోకెన్లు, వేళలు నిర్ణయించే బాధ్యతను స్థానిక పోలీసుల అనుమతి షరతుల్లో చేర్చడానికి కూడా ఏ కొత్త శాసనమూ అక్కర లేదు.